ఒక్క రోజులో ఉట్రెక్ట్: ముందే బుక్ చేయాల్సింది, వదిలేయదగ్గది

ఆమ్‌స్టర్‌డామ్‌కి మూడు రోజులు పెట్టుకున్నవాళ్లు అందులో ఒకటి నెదర్లాండ్స్‌లోనే ఉన్న ఉట్రెక్ట్ ఊరికి ఇస్తే నష్టపోరు. రెండు చోట్లా కాలవలే కదా అనిపిస్తుంది గానీ, తేడా నీటి అంచున ఉంది. ఉట్రెక్ట్ పాత కాలవ ఔడెగ్రాక్ట్‌లో రోడ్డుకి ఒక అంతస్తు కింద, నీళ్లని ఆనుకుని ఇంకో దారి నడుస్తుంది. మధ్యయుగాల్లో పడవ దింపిన సరుకు ఆ రేవు మీదుగా, రోడ్డు అడుగున కట్టిన నేలమాళిగలోంచి నేరుగా వ్యాపారి ఇంట్లోకి చేరేది. ఆ మాళిగలే ఇప్పుడు కేఫ్‌లు, రెస్టారెంట్లు. అందుకని పైన వంతెన మీద నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఊరు సగమే చూసినట్టు. మెట్లు దిగండి.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి ఇంటర్‌సిటీ రైల్లో అరగంట లోపే, స్కిపోల్ విమానాశ్రయం నుంచి అరగంట పైచిలుకు. రిజర్వేషన్ ఉండదు. వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డుని గేటు దగ్గర ఆనించి లోపలికి, దిగాక మళ్లీ ఆనించి బయటికి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఒక్క కార్డుతో ఇద్దరు వెళ్లడానికి లేదు, మనిషికో కార్డు ఉండాలి. ఎక్కేటప్పుడు ఫోన్ ఆనించి, దిగేటప్పుడు అదే ఖాతా కార్డు ఆనిస్తే సిస్టమ్ వాటిని రెండు వేర్వేరు కార్డులుగా లెక్కేస్తుంది; ప్రయాణం మధ్యలోనే ఆగినట్టు రాసుకుని అదనంగా కోస్తుంది. భారతీయ బ్యాంకు కార్డయితే ఇంటి దగ్గరే యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకుని బయల్దేరండి.

రోజంతా ఊరి పెద్ద చర్చి గోపురమైన డోమ్ టవర్ టికెట్ చుట్టూ అల్లుకోవాలి, ఎందుకంటే దాని టైమ్‌కి కట్టుబడాలి. 112 మీటర్ల ఎత్తు, 465 మెట్లు, లిఫ్ట్ లేదు, గైడ్ వెంటే ఎక్కాలి. గంట పైనే పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మొహమాటానికి ఎక్కించొద్దు. మెట్లు ఇరుకు, మెలికలు. దారిలో 1505 నాటి సాల్వేటర్ గంట కనిపిస్తుంది, బరువు 8 టన్నులకు పైనే. పొద్దుటి స్లాట్ తీసుకుంటే కాళ్లలో సత్తువ ఉండగానే పని అయిపోతుంది. పెద్ద బ్యాగులు స్టేషన్ లాకర్లో పెట్టేసి రండి.

దిగాక చౌకులో ఒక్క నిమిషం ఆగండి. టవర్ ఒకవైపు, చర్చి ఇంకోవైపు, నడుమ ఖాళీ. 1674 ఆగస్టు 1న వచ్చిన తుఫానుకి మధ్యలో ఉన్న హాలు కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. దాని ఆనవాలు నేల మీది రాళ్లలో గీసి ఉంది, తల దించితేనే తెలుస్తుంది. పక్కనే మఠం తోట, పాండ్‌హోఫ్, టికెట్ లేదు.

ఏ రోజు వెళ్లాలి? శనివారమైతే యాన్స్‌కెర్క్‌హోఫ్‌లో పూల సంత, బ్రెడ్‌స్ట్రాట్‌లో బట్టల సంత. జనం మాత్రం విపరీతం. సోమవారం వద్దు: పిల్లలకి బాగా నచ్చే, వాటంతటవే వాయించుకునే వాద్యాల మ్యూజియం స్పీల్‌క్లోక్ ఆ రోజు మూత, సెంట్రల్ మ్యూజియం కూడా అంతే.

1924 నాటి రీట్‌ఫెల్డ్ ష్రోడర్ ఇల్లు గోడలు జరిపి గదులు మార్చుకునే చిత్రమైన కట్టడం, యునెస్కో జాబితాలో ఉంది. అయితే చౌకు నుంచి సుమారు 2 కిలోమీటర్లు, ఆన్‌లైన్‌లో ముందే సమయం బుక్ చేసుకోవాలి. ఆర్కిటెక్చర్ మీద మనసుంటే టవర్ మానేసి ఇదే చూడొచ్చు. రెండూ కావాలంటే స్లాట్ల మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. లేదంటే భోజనం ఎగిరిపోతుంది.

భోజనం మాటకొస్తే, శాకాహారులు పొట్లంలో అమ్మే వేడి ఫ్రైస్ కొనేముందు నూనె సంగతి అడగాలి. కొన్ని కొట్లు గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. క్రోకెట్ బంగాళదుంప బోండాలా కనిపిస్తుంది, లోపల సాధారణంగా మాంసమే. చీజ్ గట్టిపడేందుకు వాడే రెనెట్ చాలావాటిలో దూడ పొట్టలోంచి తీసింది. రెండు పల్చటి వేఫర్ల మధ్య పాకం పెట్టిన స్ట్రోప్‌వాఫెల్ మాత్రం పెనం మీంచి తీసిన వెంటనే తినాలి, అది ఇంకా సాగుతుండగా.

సాయంత్రం మళ్లీ రేవు మీదికి దిగినప్పుడు ఒక్క జాగ్రత్త. చాలా మేర నీటి పక్కన రెయిలింగ్ ఉండదు, వాన పడితే రాళ్లు జారతాయి. చిన్నపిల్లలుంటే వాళ్లని గోడ వైపు నడిపించండి.