చీటీ, ఆర్‌డీ, బంగారం స్కీము: మొదటి జీతానికి ఏది మేలు?

పోయిన నెల ఆఫీసు కింద టీ అంగడి దగ్గర, మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లవాడు అడిగాడు. "అక్కా, మా రూములో ఉండే అన్న ఒకాయన చీటీ వేస్తున్నాడు. నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు. ఇంటికాడ అమ్మేమో బంగారం స్కీములో కట్టమంటోంది. ఏది చేసేది?"

వాడిది బంగారుపాళెం పక్కన పల్లె. చేతికొచ్చే జీతం 22 వేలు. రూము అద్దె, తిండి, పెట్రోలు, ఇంటికి పంపేది పోగా నెలకు ఐదు వేలు మిగులుతాయి. తిరుపతిలో ఇలాంటి పిల్లలు ఎంతమందో! ఆస్పత్రుల్లో, హోటళ్ళలో, రేణిగుంట కంపెనీల్లో, తెల్లారకముందే శ్రీసిటీ బస్సు ఎక్కేవాళ్ళలో. అందరూ మొదట అడిగేది ఒకటే: ఎందులో ఎక్కువ వస్తుంది?

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. "రేపు కాగితం మీద రాసి ఇస్తాను" అన్నాను. ఆ రాత్రి కూర్చుని లెక్కలు వేస్తుంటే నాకు అర్థమైంది, ఎక్కువ ఎందులో వస్తుందన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. కట్టలేని నెల వస్తే ఏమవుతుంది?

ఆ నెల వస్తుంది. రాకుండా ఉండదు. వాళ్ళ నాన్నకు రెండెకరాల మామిడి తోట ఉంది. 2025లో తోతాపురి ధర ఎలా పడిపోయిందో మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ఫ్యాక్టరీలు ఇచ్చే ధర చాలక, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఇంటికి పంపేది మూడు వేలు కాదు, ఎనిమిది వేలవుతుంది. లేదంటే బండి ఇంజను పోతుంది, అమ్మకు జ్వరం వస్తుంది, గంగజాతరకు ఇంటినిండా చుట్టాలు దిగుతారు. అందుకే చీటీ, బంగారం స్కీముల పక్కన ఆర్‌డీని (బ్యాంకులో, పోస్టాఫీసులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కూడా పెట్టి, మూడింటినీ ఆ కష్టమైన నెల దగ్గర నిలబెట్టి చూశాను.

ముందు చీటీ. చీటీని తిట్టడం నాకు ఇష్టం లేదు. చిత్తూరులో మా ఇంట్లో గ్యాస్ స్టవ్ చీటీ డబ్బుతో వచ్చింది, మా అన్న పాలిటెక్నిక్ ఫీజు చీటీ డబ్బే. జీతం కాగితం లేని మా అమ్మకు ఏ బ్యాంకూ అప్పివ్వని రోజుల్లో చీటీ ఇచ్చింది. పైగా పదిమంది చూస్తుంటారు కాబట్టి కంతు తప్పకుండా కడతాం. ఆ కట్టుబాటు వేరే దేంట్లోనూ అంత గట్టిగా ఉండదు.

లెక్క ఇలా నడుస్తుంది. ఇరవై మంది, తలా 5 వేలు, చీటీ మొత్తం లక్ష. నెలనెలా పాట (వేలం) ఉంటుంది, అందులో ఎక్కువ వదులుకున్నవాళ్ళు ఆ నెల చీటీ ఎత్తుకుంటారు. మూడో నెల పాటలో ఒకాయన 25 వేలు వదులుకుని 75 వేలకు పాడుకున్నాడనుకోండి. ఆ 25 వేలలో 5 వేలు చీటీ నడిపేవాళ్ళ కమీషన్. (రిజిస్టరు చీటీల్లో ఇది 5 శాతం మించకూడదని ఉండేది, 2019 సవరణతో 7 శాతం దాకా తీసుకోవచ్చు.) మిగిలిన 20 వేలు ఇరవై మందికీ పంచితే తలా వెయ్యి. ఆ నెల అందరూ కట్టేది 4 వేలే. మొదటి నెలల్లో అవసరం ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి పాట గట్టిగా సాగుతుంది. చివరికొచ్చేసరికి పాడేవాళ్ళే ఉండరు.

ఇరవై నెలలూ కలిపి ఒక్కొక్కరూ కట్టింది 88 వేలు అయిందనుకుందాం. చివరిదాకా ఆగినవాళ్ళకు 95 వేలు వస్తాయి. లాభం 7 వేలు. ఇదే 88 వేలు నెలనెలా బ్యాంకులో ఆరున్నర శాతం వడ్డీకి కట్టి ఉంటే దాదాపు 5 వేలు వచ్చేవి. తేడా రెండు వేలు. ఇరవై నెలల పాటు పంతొమ్మిది మందినీ, చీటీ నడిపే మనిషినీ నమ్మినందుకు మనకు మిగిలే అదనం అది. ఈ లెక్క వేసేదాకా నేను కూడా చీటీలో చాలా వస్తుందనే అనుకునేదాన్ని.

మూడో నెలలో ఎత్తుకున్నాయన సంగతి ఇంకోలా ఉంటుంది. చేతికి 75 వేలు, మొత్తం కట్టేది 88 వేలు. పదమూడు వేలే కదా అనిపిస్తుంది. కానీ ఎత్తేనాటికే ఆయన మూడు కంతులు కట్టేసి ఉంటాడు, మిగతాది నెలనెలా తీరుస్తూ పోతాడు. అలా చూస్తే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినట్టే. ఊళ్ళో నోటు రాసి తెచ్చుకునే అప్పుకూ దీనికీ పెద్ద తేడా లేదు. ఆస్పత్రి ఖర్చుకైతే సరే. కొత్త ఫోను కోసం, బైకు కోసం మూడో నెలలోనే పాడుకునే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక కట్టలేని నెల. చీటీ ఎత్తనివాళ్ళు కంతులు ఎగ్గొడితే పేరు తీసేసి ఇంకొకరిని చేర్చుకోవచ్చు. కట్టిన డబ్బు చేతికి రావడానికి ఆగాల్సి ఉంటుంది. ఎత్తినవాళ్ళు ఎగ్గొడితే, మిగిలిన కంతులన్నీ ఒక్కసారే కట్టమని అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. షూరిటీ సంతకం పెట్టిన స్నేహితుడి మీదకూ వస్తారు. రూములో ఉండే అన్న నడిపే చీటీలోనైతే చట్టం దాకా పోదు, మాట పోతుంది. రోజూ ఒకే గదిలో పడుకునే మనిషికి బాకీ ఉండడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చీటీ సరిగ్గా నడిస్తే. మా వీధిలో ఒకామె పదేళ్ళు చీటీలు నడిపింది. ఒక్క నెల కూడా డబ్బు ఆలస్యం కాలేదు. పదకొండో ఏడాది ఒక ఆదివారం సాయంత్రం పాటకని పోతే ఇంటికి తాళం ఉంది. అమ్మ దగ్గర మిగిలింది అరచేయంత నోటు పుస్తకం. అందులో పద్నాలుగు నెలల తేదీలు, ఒక్కో తేదీ పక్కన నీలం ఇంకుతో ఒక టిక్కు, ఆమె పొడి సంతకం. చీటీ ఎంతదో, మనుషులెందరో, షరతులేంటో ఒక్క అక్షరం లేదు. స్టేషన్లో ఆ పుస్తకం చూపిస్తే, "ఇందులో ఏముందమ్మా?" అని అడిగారు. అమ్మ ఆ పుస్తకాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకుంది.

అందుకే చీటీ వేయాలనే ఉంటే రిజిస్టరు చీటీ వేయండి. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టకముందే అనుమతి తీసుకుని చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. మన రాష్ట్రంలో ఈ పని రిజిస్ట్రేషన్ శాఖ కింద ఉండే అసిస్టెంట్ రిజిస్ట్రార్లు చూస్తారు. నడిపేవాళ్ళు చీటీ మొత్తానికి సమానమైన హామీ చూపాలి. చేరిన ప్రతి మనిషికీ ఒప్పందం కాపీ ఇవ్వాలి. ఆ కాపీ అడిగితే "మన మధ్య కాగితాలెందుకు?" అనే మాట వచ్చిందంటే అక్కడితో ఆపేయండి.

ఆర్‌డీ గురించి చెప్పేది తక్కువ, ఎందుకంటే అందులో దాపరికం తక్కువ. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్ళది, నెలకు వంద రూపాయల నుంచి కట్టుకోవచ్చు. 2023 అక్టోబరులో వడ్డీ 6.7 శాతానికి పెంచారు. ఆ రేటుకు నెలకు 5 వేలు చొప్పున 60 నెలలు కడితే, కట్టిన 3 లక్షలు దాదాపు 3 లక్షల 57 వేలవుతాయి. ఒక నెల తప్పితే వందకు రూపాయి జరిమానా, అంటే 5 వేల ఖాతాకు 50 రూపాయలు. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, ఆ తర్వాత రెండు నెలల్లోపు బాకీ కట్టి మళ్ళీ నడిపించుకోవచ్చు. ఏడాది సక్రమంగా కడితే జమలో సగం దాకా అప్పిస్తారు. మూడేళ్ళు నిండకముందు మూసేయడం కుదరదు, ఆ తర్వాత గడువు లోపల మూస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే వస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఈ ఐదేళ్ళు బరువు. వాళ్ళకు బ్యాంకులో ఏడాది ఆర్‌డీ మేలు. మధ్యలో తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుంది, అసలు ఎక్కడికీ పోదు. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా కూడా ఉంది.

దాని లోపం ఒక్కటే, అదీ చిన్నది కాదు. అడిగేవాళ్ళు లేరు. రాత్రి పదకొండింటికి ఫోనులో రెండుసార్లు నొక్కితే ఆర్‌డీ మూసేయొచ్చు. మూసినట్టు ఎవరికీ తెలియదు. నేను మొదటి ఆర్‌డీ ఏడో నెలలో అలాగే మూసేశాను, ఏమంత అవసరం లేకుండానే. రెండోసారి జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో తెరిచాను. ఆ యాప్ ఫోనులో పెట్టుకోలేదు. జీతం పడిన మరుసటి రోజు దానంతటదే డబ్బు అక్కడికి వెళ్ళేట్టు చేశాను. తీయాలంటే బ్యాంకుకు పోవాలి, అంటే ఒక పూట సెలవు పెట్టాలి. ఆ ఒక్క అడ్డు నాకు చాలింది.

బంగారం స్కీము మన అమ్మలకు ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. గాంధీ రోడ్డులో అంగడికి పోయి నెలనెలా కట్టి, కార్డు మీద ముద్ర వేయించుకుంటే కూతురి పెళ్ళికి ఒక అడుగు ముందుకు పడినట్టు ఉంటుంది. ఈ స్కీములు ఎక్కువగా పదకొండు నెలలే ఎందుకుంటాయంటే, సరుకు కోసం ముందుగా తీసుకున్న డబ్బును కంపెనీలు 365 రోజుల్లోపు సరుకుకు జమ చేసుకోవాలి. దాటితే అది డిపాజిట్ కింద లెక్క, దానికి వేరే నిబంధనలు ఉంటాయి. 2014 నుంచి రూలు అది. స్కీములో అసలు లాభం తరుగు (నగ చేయడంలో పోయే బంగారం కింద అంగడివాళ్ళు వేసే ఖర్చు) దగ్గర ఉంటుంది. నగ కొనేటప్పుడు తరుగు తీసేస్తామంటారు, లేదా ఒక కంతు వాళ్ళే వేస్తామంటారు. నగ ఎలాగూ కొనాల్సి ఉంటే ఇది నిజంగా కలిసొచ్చేదే. నెలనెలా కట్టిన డబ్బును ఆ రోజు ధరకు గ్రాములుగా రాసే స్కీమైతే, ధర పెరిగినా భయం తగ్గుతుంది.

కానీ ఎక్కువ స్కీముల్లో చివర డబ్బు ఇవ్వరు, నగే ఇస్తారు. దాని మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. రాళ్ళ నగ తీసుకుంటే రాళ్ళకు వేరే లెక్క. ఆ నగ రేపు అమ్మబోతే కూలి, తరుగు, జీఎస్టీ ఏదీ తిరిగి రాదు. కంతు తప్పితే తరుగు మినహాయింపు ఉంటుందో పోతుందో కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివి కట్టండి. బ్యాంకు డిపాజిట్‌కున్న బీమా దీనికి లేదు. నగ తీసుకునేటప్పుడు హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల నంబరు ఉందో లేదో చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు.

మరుసటి రోజు వాడికి ఇచ్చిన కాగితంలో ఇలా రాశాను. మొదటి ఏడాది ఆర్‌డీ, నెలకు 3 వేలు. ఏడాదికి 36 వేలు చేరితే, ఉద్యోగం పోయినా రెండు నెలల అద్దె, తిండి గడుస్తాయి. ఆ డబ్బు చేరేదాకా వేరే దేంట్లోనూ చేరవద్దు. మిగిలే 2 వేలు చేతిలోనే ఉండాలి, కష్టమైన నెలకు అదే మందు. చెల్లెలి పెళ్ళి వచ్చే ఏడాది ఖాయమైతే మాత్రం, ఆ 2 వేలు అమ్మ చెప్పిన బంగారం స్కీములో కట్టు. రూములో అన్న చీటీ వద్దు. రెండో ఏడాది జీతం పెరిగాక రిజిస్టరు చీటీ ఒకటి వేసుకో, పదిహేనో నెల దాటేదాకా పాడొద్దు.

వాడు చదివి, "అన్న ఏమనుకుంటాడో అక్కా" అన్నాడు. "ఏదో ఒకటి అనుకుంటాడు, రెండు రోజులు. చీటీలో చేరి నువ్వు కట్టలేకపోతే ఇరవై నెలలు అనుకుంటాడు" అన్నాను. కాగితం మడిచి ఫోను కవరు వెనక పెట్టుకున్నాడు.

రెండో తారీఖు రాత్రి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆర్‌డీ, 3 వేలు, పన్నెండు నెలలు. కింద ఒక వాక్యం: "అమ్మ ఇంకా ఒప్పుకోలేదక్కా, ఆదివారం ఊరికి పోయి కాగితం చూపిస్తా."