850 రూపాయల ఓబీడీ స్కానర్, చల్లగాలి కొట్టిన హీటర్: రెండేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో కార్ హీటర్‌తో పనేముంది అనేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఏడాదిలో పది నెలలు నాబ్ నీలం వైపే ఉంటుంది. ఎరుపు వైపు ఒకటుందన్న సంగతే గుర్తుండదు. ఆ ఎరుపు వైపు పనిచేయకపోవడం వల్లే ఈ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొన్నాను కాబట్టి సమీక్ష కూడా అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నాది 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. అప్పటికి లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇందులో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, కాగిపోతే ఎర్ర లైటు, అంతే. ఒక మే నెలలో కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఎర్ర లైటు వెలిగింది. పక్కకి ఆపి, చల్లారాక దగ్గర్లోని గ్యారేజీకి పట్టుకెళ్లాను. సాయంత్రానికి 4,300 బిల్లు చేతిలో పెట్టారు. రేడియేటర్ సర్వీస్, కొత్త కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) అని రాశారు. ఆ తర్వాత ఎర్ర లైటు మళ్లీ రాలేదు. లీటరుకి 16 ఇచ్చే బండి 13కి పడిపోయింది గానీ, ఆ నేరం ఏసీ మీదా ట్రాఫిక్ మీదా వేసేశాను.

డిసెంబరులో తెల్లవారుజామున అయిదింటికి అమ్మను తీసుకుని జహీరాబాద్ బయల్దేరాం. పటాన్‌చెరు చలి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అమ్మ శాలువా చుట్టుకుని "హీటర్ వెయ్యరా" అంది. వేశాను. చల్లగాలి. కాసేపట్లో వేడెక్కుతుందిలే అన్నాను. సంగారెడ్డి దాటినా అదే గాలి. లోపల అద్దం మీద మంచులా ఆవిరి పట్టేస్తుంటే, ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో బట్టతో తుడుచుకుంటూ వెళ్లాం.

తిరిగొచ్చాక అదే గ్యారేజీలో అడిగితే, కనీసం బానెట్ కూడా ఎత్తకుండా "హీటర్ కోర్ జామైంది సార్, డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలె, పన్నెండు వేలైతది" అన్నారు. పాత బండి డాష్‌బోర్డ్ ఒకసారి విప్పితే ఆ తర్వాత జీవితాంతం కిర్రుకిర్రులే. ఆ భయంతోనే ముందు నేను చూసుకుందామనుకున్నా. ఆఫీసులో ఒకాయన చెబితే ఆన్‌లైన్‌లో ఈ బ్లూటూత్ స్కానర్ తెప్పించాను.

వస్తువు అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌కి జత చేసుకోవాలి. యాప్ ఉచితమే. జత చేసేటప్పుడు రెండుసార్లు మొండికేసింది, మూడోసారి కుదిరింది. ముందుగా ఫాల్ట్ కోడ్స్, అంటే బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపాల గుర్తులు, చదివించాను. ఒక్కటీ లేదన్నది. మొదటి రోజు డబ్బు దండగైందనే అనుకున్నా. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే కొన్ని బండ్లు పీ0128 అనే కోడ్ చూపిస్తాయట. నా బండి ఆ పాటి సాయం కూడా చేయలేదు.

అసలు విషయం చెప్పింది లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా ఎప్పటికప్పుడు కనిపించే అంకెలు. కూలెంట్ టెంపరేచర్ అంకె ఒక్కటే పెద్దగా తెరమీద పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాను. 80 వేగంలో 54, 56, 58 డిగ్రీల మధ్య తిరుగుతోంది. పావుగంటైనా 60 దాటలేదు. టోల్ దగ్గర ఆగితే మెల్లగా 70కి ఎక్కింది, కదలగానే మళ్లీ దిగింది. ఈ వయసు పెట్రోల్ ఇంజిన్ 85-95 మధ్య ఉండాలి.

కార్ హీటర్‌లో ఇస్త్రీ పెట్టెలోలా కాయిల్ ఏమీ ఉండదు. ఇంజిన్‌లో కాగిన నీళ్లే రెండు గొట్టాల గుండా డాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్లోకి (హీటర్ కోర్ అంటే ఇదే) వెళ్లొస్తాయి, బ్లోయర్ ఆ వేడిని మనమీదికి ఊదుతుంది. ఇంజినే గోరువెచ్చగా ఉంటే హీటర్ ఏం చేస్తుంది పాపం! ఆ రెండు గొట్టాలనూ పట్టుకుని చూశాను. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే కోర్ జామైనట్టు. నావి రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. నీళ్లు తక్కువైనా, గాలి చిక్కుకున్నా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వేడి వచ్చి, ఆగినప్పుడు పోతుంది. నాకు సరిగ్గా తలకిందులు. ఇక మిగిలింది థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే తలుపు అది. మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టాను. తలుపు మూసి ఉంటే అది కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. ఇది మొదటి నిమిషం నుంచే ఇంజిన్‌తోపాటు మెల్లగా వెచ్చబడుతూ వచ్చింది.

తలుపు తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో అనుకుని రాణీగంజ్‌లో 82 డిగ్రీలకు తెరుచుకునే కొత్త థర్మోస్టాట్ కొన్నాను. ఇంట్లో గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి పరీక్షించాను కూడా. నీళ్లు మరగడానికి ముందే చక్కగా నోరు తెరిచింది, చల్లారాక మూసుకుంది. ఆ గిన్నె ఇక వంటకు పనికిరాదని మా ఆవిడ తేల్చేసింది.

బోయిన్‌పల్లిలో ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. ఆయన హౌసింగ్ విప్పి లోపలికి టార్చ్ వేసి నవ్వాడు. "వాల్వ్ ఖరాబు కాలే సార్. వాల్వే లేదు. ఉత్త డబ్బా!" మేలో నా బండి బాగుచేసినవాళ్లు థర్మోస్టాట్ పీకేసి, చుట్టూ సిలికాన్ పూసి మూసేశారు. మన ఎండలకు ఇది అక్కర్లేదని చాలామంది మెకానిక్‌లు నిజంగానే నమ్ముతారని చాచా అన్నాడు. నమ్మితే నమ్మారు, నాకొక మాట చెప్పొద్దా? కొత్త కూలెంట్ అని బిల్లు వేసిన చోట ఎర్రమట్టి రంగు నీళ్లు కారాయి. అంటే పోసింది బోరు నీళ్లు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్‌కి తుప్పు పట్టనివ్వని గుణం ఉంటుంది, బోరు నీళ్లకు అదెక్కడిది?

డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, రెడీమిక్స్ కూలెంట్ పోశాడు. లోపల చిక్కుకున్న గాలి పోవడానికి హీటర్ నాబ్ పూర్తిగా ఎరుపు వైపు పెట్టించి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఇంజిన్ ఆడించాడు. అయినా ఆ రాత్రి డాష్‌బోర్డ్ వెనక గుడగుడ వినిపించింది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద మూత తీసి ఇంకో 200 మిల్లీలీటర్లు పోశాక ఆగింది. స్కానర్‌లో 88. హీటర్ గాలికి చేతులు కాలాయి. మైలేజీ 15.5కి వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. వారం తర్వాత బాలానగర్ సిగ్నల్ దగ్గర తెరమీద అంకె 98, 101, 104 అని ఎక్కుతోంది, ముందున్న రేడియేటర్ ఫ్యాన్ చప్పుడు లేదు. మేలో వచ్చిన అసలు రోగం ఇదన్నమాట! ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్) వేడికి మొరాయిస్తోంది. థర్మోస్టాట్ పీకేయడంతో నీళ్లెప్పుడూ చల్లగానే తిరిగి, ఆ రోగం ఇన్నాళ్లూ కనపడకుండా పోయింది. హీటర్ ఇంజిన్ వేడిని లాగుతుంది కదా, వెంటనే కిటికీలు దించి హీటర్ పూర్తి వేడిలో, బ్లోయర్ నాలుగులో పెట్టాను. చెమటలు కారాయి గానీ అంకె 99కి దిగింది, పక్కకి తీసి ఆపేయగలిగాను. రిలే మార్చడానికి అయింది 350 రూపాయలు. 4,300 పోసి చేయించుకున్న రిపేరు నిజానికి ఈ 350ది.

ఇక స్కానర్ సంగతి. రెండేళ్లలో ఇది ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదవలేదు, నా బండికి ఇంజిన్ వరకే. మా తమ్ముడి ఐఫోన్‌కి ఈ మోడల్ జత కాలేదు, కాబట్టి కొనేముందు అది చూసుకోండి. సాకెట్‌లోనే వదిలేస్తే బండి ఆఫ్‌లో ఉన్నా కరెంటు తాగుతూనే ఉంటుంది. ఒకసారి పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంది. దాని పైడొప్ప ఊడితే ఫెవిక్విక్ పెట్టాను. ఇన్ని ఉన్నా, కూలెంట్ 100 దాటితే ఫోన్ మోగేలా పెట్టుకున్న ఆ ఒక్క అలారం కోసమే మళ్లీ కొంటాను.

హీటర్ చలికాలంకంటే వానాకాలంలోనే ఎక్కువ పనికొస్తోంది. జూలై వానలో అద్దం లోపల ఆవిరి పట్టినప్పుడు ఏసీ, హీటర్ రెండూ కలిపి అద్దం మీదికి వదిలితే, తడిని ఏసీ లాగేస్తుంది, అద్దాన్ని హీటర్ వెచ్చబరుస్తుంది. నిమిషంలో దారి కనిపిస్తుంది. తుడిచే బట్ట ఇంకా డోర్‌లోనే ఉంది, ఇప్పుడు కూలెంట్ మూత పట్టుకోవడానికి వాడుతున్నా.