చవక డిజిటల్ వెర్నియర్: లేతు షాపులో ఏళ్ళు వాడాక

శ్రీకాకుళంలో మాది చిన్న లేతు షాపు. రైసు మిల్లుల షాఫ్టులు, పిన్నులు, బుష్‌లు, మోటారు పనులు ఎక్కువ. ముక్కని రెండు దవడల మధ్య పట్టి కొలిచే ఈ 150 మి.మీ. స్టీలు వెర్నియర్ చాలా ఏళ్ళుగా రోజూ చేతిలో ఉంటోంది. పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. తెర మీద రెండో దశాంశాన్ని మాత్రం పూర్తిగా నమ్మకండి.

0.01 చూపిస్తుంది గానీ, ఈ రకాలకి 0.02, 0.03 అటూ ఇటూ సహజం. దవడలు మూసి సున్నా చేసుకున్నంత మాత్రాన సరిపోదు. నేనైతే కొత్త 6205 బేరింగు పట్టి చూస్తాను. బయటి వ్యాసం 52 మి.మీ., కంపెనీలకి తగ్గే వీలు 0.013 వరకే. గేజ్ బ్లాకులు, అంటే కచ్చితమైన కొలతకి చేసిన దిమ్మలు, కొనలేని షాపుకి ఇంతకన్నా చవకైన గేజి లేదు.

అసలు తలనొప్పి మొన ఉన్న ముక్కల పొడవు. సూదిలాంటి మొన ఉన్న నీడిల్ వాల్వు పట్టుకొచ్చి, "పాతదెంతో అంతే చెయ్యి" అంటారు. మొన అరిగిపోయి ఉంటుంది, అక్కణ్ణుంచి కొలిచి ఏం లాభం? బోరు, అంటే లోపలి రంధ్రం కొలత, తెలిసిన బుష్ ఒకటి కోను మీద కూర్చోబెట్టి, బుష్ ముఖం నుంచి వెనక అంచు దాకా కొలుస్తాను. రైఫిల్ తూటాలు తిరిగి నింపుకునేవాళ్ళదీ ఇదే తంటా. .308 వించెస్టర్ అనే రకం తూటాకి మొత్తం పొడవు 71.37 మి.మీ. దాటకూడదని అమెరికా ప్రమాణం. కానీ ఒకే డబ్బాలో బుల్లెట్ల (తూటా ముందు భాగాల) మొనలే సమానంగా ఉండవు. అందుకని కంపారేటర్ అనే బిళ్ళని దవడకి బిగించి, మొన వదిలేసి వంపు మీంచి కొలుస్తారు. మొత్తం పొడవు వాళ్ళకి తుపాకీలో తూటాలు పెట్టే మ్యాగజైనులో పడుతుందా లేదా చూసుకోడానికే.

బ్యాటరీ ఎల్ఆర్44. ఆఫ్ చేసినా లోపల సర్క్యూట్ తాగుతూనే ఉంటుంది, షాపు కట్టేటప్పుడు తీసి పక్కన పెట్టాల్సిందే. స్కేలు మీద కూలెంట్ చుక్క పడిందా, "మేస్త్రీ, ఇదేటి, అంకెలు గెంతేస్తన్నాయి?" అని కుర్రాడు కేకేస్తాడు. కెపాసిటెన్స్ మీద, అంటే స్కేలుకీ తలకీ మధ్య విద్యుత్ నిల్వలో మార్పు మీద, నడిచేది కదా, తడి పడదు. పొడిగుడ్డ పెట్టి తుడిస్తే దారికొస్తుంది.

లేతు మీంచి దింపిన వేడి ముక్కని వెంటనే కొలవకండి. 100 మి.మీ. ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే 0.03 మి.మీ. పైనే సాగుతుంది.

లోపలి దవడలంటే నాకు గురి లేదు. వాటి అంచు సన్నని పట్టీలా ఉంటుంది, చిన్న బోరులో పెడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బేరింగు కూర్చునే బోరైతే లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజే తీస్తాను.