నిమ్మ ఉప్పా, వెనిగరా, బ్లీచా? వాషింగ్ మిషన్ శుభ్రానికి ఏది మేలు

"మిషన్‌లో వాసన వస్తోంది, ఏం వేసి కడగాలి?" అని ఎవరు అడిగినా నేను ముందు తెలుసుకునేది ఒకటే: మీ మిషన్‌కు పోయేవి బోరు నీళ్లా, నల్లా నీళ్లా? నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో ఇది తెలియకుండా ఏది మేలో చెప్పలేం. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా చాలా ఇళ్లలో తాగడానికి, వంటకే ఆ నీళ్లు. బట్టలకు, స్నానాలకు పాత బోరే దిక్కు. కొన్ని ఇళ్లలో రెండూ ఒకే సంపులో కలిసిపోతాయి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మన దగ్గర నీళ్ల మాట రాగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, దేవరకొండ వైపు జనం పడ్డ బాధ అలాంటిది మరి. అందుకే బకెట్ మీద తెల్లటి చారలు కనిపించినా "ఫ్లోరైడ్ పేరుకుంది" అంటారు. ఆ తెలుపు ఫ్లోరైడ్ వల్ల వచ్చేది కాదు. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వల్ల కట్టే గార అది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ రెండూ ఎంత ఉన్నాయో చెప్పే లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. సబ్బు రుద్దినా నురగ రాకుండా తెల్లటి తరక కడుతుంటే మీ బోరు నీళ్లు కఠినమైనవని తెలిసిపోతుంది. వేడి చేసినప్పుడు ఈ గార ఇంకా త్వరగా కడుతుంది. కాబట్టి హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్ మిషన్లకు బోరు నీళ్లతో ఎక్కువ చిక్కు.

వాసన సంగతి వేరు. అది గార నుంచి రాదు. కడిగిపోని సబ్బు, బట్టల జిడ్డు, దారప్పోగులు కలిసి టబ్ వెనక పాచిలా పేరుకుంటాయి. దాని మీద బూజు పెరుగుతుంది. మీ ఇంట్లో ఉన్నది గారా, పాచా అని తేల్చుకోవడం తేలిక. తెల్లగా గరుకుగా ఉన్న చోట నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తే అది గారే. ఫ్రంట్ లోడ్ అయితే తలుపు రబ్బరు మడత కింది భాగం వేలితో లాగి చూడండి. అక్కడ నిలిచిన కాసిని నీళ్లు, బూడిద రంగు జిగురు, నల్లని చుక్కలు కనిపిస్తే అది పాచి, బూజు. బోరు నీళ్ల ఇళ్లలో రెండూ కలిసే ఉంటాయి. ఎందుకంటే కఠిన జలంలో సబ్బు పని చేయదు, పని చేయడం లేదని ఇంకో చెంచా వేస్తాం, ఆ మిగులు సబ్బంతా లోపలే అంటుకుంటుంది.

గారకు ఆమ్లం కావాలి. మన చేతికి అందేవి రెండు: నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వెనిగర్. నా ఓటు నిమ్మ ఉప్పుకే. వంటింటి వెనిగర్‌లో ఆమ్లం నూటికి నాలుగైదు పాళ్లే. అంటే లీటరు సీసా మొత్తం పోసినా 40, 50 గ్రాముల ఆమ్లం. అది డ్రమ్‌లోని నీళ్లలో కలిసి ఇంకా పలచనైపోతుంది. 100 గ్రాముల నిమ్మ ఉప్పు అంతకంటే బాగా ఎక్కువ గారను కరిగిస్తుంది. కిరాణా దుకాణంలో దొరుకుతుంది, ఘాటు వాసన ఉండదు. వెనిగర్ మాటిమాటికీ వాడితే కొన్ని రకాల రబ్బరు భాగాలు పాడవుతాయని కొన్ని కంపెనీలు హెచ్చరిస్తాయి కూడా.

ఖాళీ డ్రమ్‌లో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, 60 డిగ్రీల మీద పూర్తి వాష్ నడపండి. 90 పెట్టకండి. మరీ వేడైతే కరిగిన కాల్షియం మళ్లీ గడ్డకట్టే వీలుంది. తర్వాత ఒక్కసారి ఉత్త నీళ్లతో నడిపించాలి. రాత్రంతా నానబెట్టడం వద్దు, లోహపు భాగాలకు అది మంచిది కాదు. బోరు నీళ్లయితే రెండు నెలలకోసారి, నల్లా నీళ్లయితే ఏడాదికి రెండుసార్లు చేస్తే సరిపోతుంది. ముందు మిషన్‌తో వచ్చిన పుస్తకం ఒకసారి చూసుకోండి, వారంటీ ఉన్నప్పుడు మరీ ముఖ్యం.

పాచిని, బూజును మాత్రం నిమ్మ ఉప్పు అంతగా లొంగదీయలేదు. అక్కడ వేడి నీళ్లు, బ్లీచ్ గెలుస్తాయి. దుకాణాల్లో దొరికే లిక్విడ్ బ్లీచ్ 100 మిల్లీలీటర్లు నీళ్లలో కలిపి పోసి ఒక సైకిల్ తిప్పితే చాలు. రబ్బరు మడతలోని నల్ల చుక్కలకు పలచన చేసిన బ్లీచ్‌లో తడిపిన గుడ్డ పెట్టి, పది నిమిషాలాగి తుడిచేయాలి. ఊళ్లో ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ మాత్రం మిషన్‌లో వేయకండి. అందులో ఉండేది సున్నం సరుకే, కరగని పిప్పి లోపలే మిగిలిపోతుంది.

ఈ ఒక్క మాట దయచేసి మరిచిపోవద్దు: నిమ్మ ఉప్పు గానీ, వెనిగర్ గానీ బ్లీచ్‌తో కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరి ఆడదు. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో మిషన్ ఉన్న ఇంట్లో అది ప్రాణం మీదికి వచ్చే పని. ఒకటి ఈ వారం, రెండోది వచ్చే వారం. మధ్యలో మామూలు బట్టలు ఉతుక్కోండి.

మరి వంట సోడా? వెనిగర్, సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది, చూడటానికి ఏదో పెద్ద పని జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పు నీళ్లలాంటిదే. సోడా విడిగా వేస్తే కొంచెం వాసన పీలుస్తుంది, అంతే.

షాపులో అమ్మే పొడుల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. అవి రెండు జాతులు. డీస్కేలింగ్ పొడి అంటే ఆమ్లం, గారకు. చాలా పొడుల్లో ఉండేది మన నిమ్మ ఉప్పే. టబ్ క్లీనర్ అని వచ్చేవాటిలో చాలా వరకు ఆక్సిజన్ బ్లీచ్ ఉంటుంది, అది పాచికి. ఇది వేడి నీళ్లలోనే బాగా పని చేస్తుంది, పైన చెప్పిన లిక్విడ్ బ్లీచ్ (క్లోరిన్ బ్లీచ్) అంత ఘాటుగా ఉండదు. ప్యాకెట్ వెనక చదవకుండా కొంటే గారకు పాచి మందు వేసి, "ఏం లాభం లేదు" అనుకుంటాం. నల్లా నీళ్లు మాత్రమే వాడే ఇంటికి నేను ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న టబ్ క్లీనర్‌నే కొనమంటాను, డబ్బు దండగ కాదు. బోరు ఇంటికి అదే డబ్బుతో నిమ్మ ఉప్పు చాలాసార్లకు వస్తుంది.

సెమీ ఆటోమేటిక్ వాళ్లకు హీటర్ ఉండదు. ఒక బకెట్ నీళ్లు చేయి పట్టగలిగేంత వేడి చేసి, నిమ్మ ఉప్పు కరిగించి పోయండి. మరుగుతున్న నీళ్లు వద్దు, ప్లాస్టిక్ టబ్ వంగిపోతుంది. ఈ మిషన్లలో అసలు మురికి అడుగున తిరిగే చక్రం కింద ఉంటుంది. మధ్యలో స్క్రూ విప్పితే చక్రం ఊడి వస్తుంది. కింద బురదలా కట్టిన దారప్పోగులు, అప్పుడప్పుడు పిన్నీసో, రూపాయి బిళ్లో బయటపడతాయి. ఇది ఏ పొడీ కరిగించలేదు, చేత్తో తీయాల్సిందే. ప్లగ్ తీసేశాకే విప్పండి.

ఏ మందు వాడినా, బట్టలు తీశాక తలుపు, సబ్బు పెట్టె రెండూ కాసేపు తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్లు లోపలికి దూరకుండా చూసుకోవాలి. సబ్బు కూడా తగ్గించండి. ఇక నీళ్లు నెమ్మదిగా ఎక్కుతున్నాయంటే పొడులేమీ వేయనక్కర్లేదు. నల్లా కట్టేసి, వెనక పైపు మరను విప్పి చూడండి. మిషన్‌లోకి నీళ్లు పోయే చోట చిన్న జాలీ ఉంటుంది, బోరు ఇసుకంతా అక్కడే ఆగుతుంది. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి మళ్లీ బిగిస్తే చాలు.