గట్టెక్కిన ఓడా, నీళ్లలోని ఓడా: ఏది మేలు?

గట్టెక్కడమంటే మన భాషలో కష్టం తీరడం. హెచ్‌ఎంఎస్ విక్టరీ అనే పాత బ్రిటిష్ కొయ్య యుద్ధనౌకకు మాత్రం గట్టెక్కాకే కష్టాలు మొదలయ్యాయి.

1765లో చాతమ్‌లో నీళ్లలోకి దిగి, 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్‌ను మోసిన ఈ ఓడ 1922 నుంచి ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లోనే (నీళ్లు తోడేసిన రేవుగుంటలోనే) ఉంది. అమెరికా వాళ్ల యుఎస్‌ఎస్ కాన్‌స్టిట్యూషన్ దారి వేరు. 1797లో, చిత్రంగా అదే అక్టోబరు 21న, బోస్టన్‌లో జలప్రవేశం చేసింది. ఇవాళ్టికీ ఆ రేవులోనే తేలుతోంది. రెండూ ఇంకా నౌకాదళాల కొలువులో ఉన్నవే. ఏది పాతదంటే ఇద్దరూ గెలిచేశారు: కొలువులో ఉన్నవాటిలో విక్టరీ, కొలువులో ఉండి తేలుతున్నవాటిలో కాన్‌స్టిట్యూషన్. ఆ పంతం వాళ్లకే వదిలేద్దాం. కొయ్య ఓడ నాలుగు కాలాలు నిలవాలంటే ఎక్కడుంచాలన్నది నాకు ఆసక్తి.

బావిలో చేద నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గానే ఉంటుంది. నీళ్లు దాటి పైకొచ్చాకే చేతికి బరువు తెలుస్తుంది. ఓడా అంతే. నీళ్లలో ఉంటే అడుగంతా ఒకేలా ఆనుతుంది. డాక్‌లో అయితే బరువంతా కింద పెట్టిన ఆనుల మీదే పడుతుంది. మూడంతస్తుల ఫిరంగులు మోయడానికి కట్టిన విక్టరీ అలా తన బరువుకు తనే కుంగడం మొదలుపెట్టింది. ఈమధ్య 134 కొత్త ఉక్కు ఆనులు పెట్టి, ఒక్కోదాని మీద ఎంత బరువు పడుతోందో కొలుస్తున్నారు. దీనికి తోడు వానచెమ్మ, పుచ్చు, కొయ్యను తొలిచే పురుగు. 2022లో మొదలైన పెద్ద మరమ్మతు పదేళ్లకు పైగా సాగుతుందట. తెరచాప స్తంభాలు దించేసి, ఓడ చుట్టూ పరంజా కట్టేశారు.

అలాగని నీళ్లలో ఉన్నదానికి మందూ మాకూ అక్కర్లేదని కాదు. కాన్‌స్టిట్యూషన్‌నూ అప్పుడప్పుడూ డాక్‌కు ఎక్కించాల్సిందే. ఆఖరిసారి 2015లో ఎక్కి 2017లో దిగింది. కొత్త పలకలకు కావాల్సిన ఓక్ చెట్లను ఇండియానాలోని క్రేన్ నౌకాదళ స్థావరంలో ప్రత్యేకంగా కాపాడుతున్నారు. ఇన్ని మార్పుల తర్వాత మొదటినాటి కొయ్య పదో వంతో, ఇంకాస్త ఎక్కువో మిగిలింది. విక్టరీలో సుమారు ఐదో వంతు.

అయినా నా ఓటు బోస్టన్‌కే. అక్కడ నౌకాదళ సిబ్బందే ఓడను చూసుకుంటారు, పొద్దున్నా సాయంత్రమూ ఫిరంగి పేలుస్తారు. 1997లో, 116 ఏళ్ల తర్వాత, తెరచాపలు ఎత్తి సొంతంగా నడిపించారు. 2012లో మళ్లీ. తేలగలగాలి అన్న నియమం ఉన్నచోట మరమ్మతు వాయిదా వేయడం కుదరదు. వేస్తే మునుగుతుంది.

మనసు మాత్రం విక్టరీ వైపు లాగుతుంది, ఒప్పుకుంటాను. పై డెక్ మీద నెల్సన్ కూలిన చోట చిన్న లోహపు ఫలకం ఉంది. ఇక్కడే అని వేలుపెట్టి చూపించగలిగే చోటు అది.

ఈ ఇద్దరి గొడవలో ఎవరూ తలవని మూడోది హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు మలబారు టేకుతో కట్టారు. కొలువులో లేదు గానీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌ల్‌పూల్‌లో ఇంకా తేలుతోంది. అందులో సగానికి పైగా పాత కొయ్యే. ఆ రెండు ఓక్ ఓడలకూ దక్కని భాగ్యం ఇది. మన టేకు సంగతి ఇంట్లో పాత ద్వారబంధం ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మరి విశాఖ ఆర్కే బీచ్‌లో గట్టునున్న జలాంతర్గామి కుర్సురా మాటేమిటి? 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియం. ఉక్కుకు పురుగు పట్టదు, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. అందుకని గట్టున పెట్టడం తప్పని మాత్రం అనను. నీళ్లలో ఉంటే జలాంతర్గామి వీపు తప్ప ఏమీ కనిపించదు. ఇక్కడైతే 91 మీటర్ల పొడవునా పొట్ట కిందిదాకా చూడొచ్చు. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి, ఒక కాలు ముందు పెట్టి, తల కాచుకుంటూ దూరాలి. వెనకున్న పిల్లలు మాత్రం నిటారుగానే నడిచి వచ్చేస్తారు.