రోచ్‌డేల్, టాడ్‌మార్డెన్: ఒకే రైలు దారిలో రెండు తిండి ఊళ్ళు

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్‌లో కాల్డర్ వ్యాలీ మీదుగా లీడ్స్ వెళ్ళే రైలు ఎక్కితే ముందు రోచ్‌డేల్ వస్తుంది. ఆ తర్వాత కాసేపటికి, కొండలు దగ్గరపడే చోట టాడ్‌మార్డెన్. ఇంగ్లండ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు మామూలుగా ఈ రెండు ఊళ్ళలోనూ దిగరు. కల్తీ లేని తిండి, తాజా తిండి మామూలు జీతాలవాళ్ళకి ఎలా అందుతుందన్న ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం దిగాల్సిందే. చాలామంది ఎవరైనా కోసుకునేలా వీధుల్లో తినే మొక్కలు పెంచే టాడ్‌మార్డెన్ ఒక్కటే చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నా సలహా ఏమిటంటే ముందు రోచ్‌డేల్ చూడండి. అది చూడకపోతే టాడ్‌మార్డెన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగానో తక్కువగానో అంచనా వేసే ప్రమాదం ఉంది.

రోచ్‌డేల్ స్టేషన్ నుంచి టోడ్ లేన్‌కి నడక అంత అందంగా ఏం ఉండదు. అక్కడున్న పయనీర్స్ మ్యూజియం కూడా చిన్నదే. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకుని వెళ్ళండి. 1844 డిసెంబరు 21 రాత్రి ఇక్కడే రోచ్‌డేల్ పయనీర్స్ అనే సహకార సంఘం వాళ్ళు తమ దుకాణం తలుపులు తెరిచారు. ఫ్లానెల్ అనే ఉన్ని బట్ట నేసేవాళ్ళూ, రకరకాల చేతిపనులవాళ్ళూ కలిసి 28 మంది అని చెప్పుకుంటారు. మనిషికి ఒక పౌను వాటా. ఆ పౌను కూడబెట్టడానికి వారం వారం పెన్నీలు దాచుకున్నారు. మొదటి రోజు సరుకు వెన్న, చక్కెర, పిండి, ఓట్ మీల్, కొవ్వొత్తులు, అంతే. ముందు గదిని అప్పటి దుకాణంలాగే అమర్చారు: పీపాలు, వాటి మీద చెక్క పలక, పలక మీద త్రాసు. నేను ఎక్కువసేపు నిలబడింది ఆ త్రాసు దగ్గరే. ఆ రోజుల్లో పిండిలో సుద్ద, రొట్టెలో పటిక కలిపేవారు. వాడేసిన టీ ఆకును ఆరబెట్టి, రంగు వేసి మళ్ళీ అమ్మేవారు. కొన్నిచోట్ల మిల్లు యజమాని దుకాణంలోనే కొనాల్సిన పరిస్థితి. అలాంటి చోట వీళ్ళు పెట్టుకున్న నియమాలు ఇవి: కల్తీ లేని సరుకు, సరైన తూకం, అప్పు లేదు, మనిషికి ఒక ఓటు. లాభం వస్తే ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి పంపకం. ఆడవాళ్ళు కూడా సభ్యులు కావచ్చు. ప్రపంచంలో చాలా సహకార సంఘాలు తమ నియమాలకు మూలం ఇదే అంటాయి. పైపైన చూస్తే అరగంటలో అయిపోతుంది. అక్కడ పనిచేసేవాళ్ళని కదిపితే మాత్రం టైమ్ తెలియదు, ఓపికగా చెప్తారు. ఇద్దరు పిల్లలు మాత్రం బోర్ కొట్టి గుమ్మం దగ్గరే కూర్చుండిపోయారు.

టాడ్‌మార్డెన్‌లో అలా కాదు, చూడాల్సిన మొక్కలు రైలు దిగిన చోటే మొదలవుతాయి. స్టేషన్‌లోనే మొక్కల తొట్లు, వాటిలో రోజ్‌మేరీ, పుదీనా లాంటివి. కావాలంటే కోసుకోండి అని బోర్డు. నేను పుదీనా రెమ్మ తుంచబోతే మా అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒసేయ్, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే?" బోర్డు చదివి వినిపించినా నమ్మలేదు. స్థానికురాలు ఒకావిడ వచ్చి గుప్పెడు తుంచుకుని సంచిలో వేసుకుని వెళ్ళాక తనూ రెండు ఆకులు కోసి, నలిపి వాసన చూసింది.

దీన్ని 2008లో పామ్ వార్‌హర్స్ట్, మేరీ క్లియర్, ఇంకొందరు ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్ అనే పేరుతో మొదలుపెట్టారు. తినేవాళ్ళెవరైనా ఇందులో ఉన్నట్టే అన్నది వాళ్ళ మాట. పోలీస్ స్టేషన్ ముందు మొక్కజొన్న వేసి పేరు తెచ్చుకున్నారు. శ్మశానంలో కూడా నాటారు. అక్కడి మట్టి భలే సారవంతం అని వార్‌హర్స్ట్ ఒక ప్రసంగంలో జోక్ వేశారు కూడా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆరోగ్య కేంద్రం చుట్టూ ఉన్న తోట. ముందు అక్కడ ముళ్ళ పొదలు ఉండేవట. వాటిని తీసేసి పళ్ళ చెట్లూ, తినే మొక్కలూ, మందు మొక్కలూ పెట్టారు. డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు వాటి పక్కనుంచే లోపలికి వెళ్తారు. ఆరోగ్యం గురించి గోడకి పోస్టరు అతికించడం కన్నా ఇది ఎంతో నయం.

ఊరికి ఇది సరిపడా తిండి పెడుతుందా? లేదు. మడులు చూస్తేనే తెలిసిపోతుంది, నాలుగు కుటుంబాల వారం కూరలకి కూడా చాలవు. బీన్స్ కోస్తున్న వలంటీరును అదే అడిగితే, "ఊరికంతటికీ ఇవి చాలవని మాకూ తెలుసు. ఇవి చూసి జనం మాట్లాడుకుంటారు, ఇంటి దగ్గర నాటుకుంటారు, బజార్లో ఇక్కడి సరుకు అడిగి కొంటారు" అన్నారు ఆవిడ. అందుకే వ్యాపారులకు నల్లబోర్డులు ఇచ్చి, ఏది స్థానికమో రాయమన్నారు. కోడిగుడ్లు ఎవరి ఇంట్లో దొరుకుతాయో మ్యాప్ వేశారు. వలంటీర్లతోనే నడుపుతున్నారు. ఇదంతా మెచ్చుకోదగ్గదే. అయినా నెలాఖరులో చేతిలో డబ్బులు లేని ఇంటికి కావాల్సింది రోచ్‌డేల్ త్రాసు లాంటి ఏర్పాటు: చౌకగా, నమ్మకంగా, రోజూ దొరికే పిండి, పప్పు. టాడ్‌మార్డెన్ ఆ పని చేయట్లేదు, చేస్తున్నామని వాళ్ళూ చెప్పుకోరు. బయటినుంచి వచ్చి రాసేవాళ్ళే అలా రాసేస్తుంటారు.

బస విషయానికొస్తే టాడ్‌మార్డెన్‌లో ఎంపిక తక్కువ. మేం దిగిన చోట గది శుభ్రంగా ఉంది, మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. సూట్‌కేసుతో ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కింద పబ్బు, రాత్రి పొద్దుపోయేదాకా గోల. అసలు బాధ పొద్దున టిఫిన్ దగ్గర. ఊరంతా కూరగాయలు పెంచుకుంటుంటే ప్లేటులోకి వచ్చినవి డబ్బా బీన్స్, రుచీపచీ లేని టొమాటో. శాకాహారం అని ముందే చెప్పినా టోస్ట్ ఎక్కువ ఇచ్చి సరిపెట్టారు. పక్క స్టేషన్ హెబ్డెన్ బ్రిడ్జ్‌లో గదులు ఎక్కువ, తిండికీ బాగుంటుంది. శని ఆదివారాల్లో జనం ఎక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. మళ్ళీ వెళ్తే నేను అక్కడే ఉండి, టాడ్‌మార్డెన్‌కి రైల్లో వస్తాను. భోజనానికి టాడ్‌మార్డెన్ మార్కెట్ హాల్ మంచిది. అక్కడ కొన్న చీజ్, రొట్టె పట్టుకుని రోచ్‌డేల్ కాలువ గట్టు మీద కూర్చుని తిన్నాం. కాలువ దారి చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళు కూడా సుఖంగా నడవొచ్చు. టౌన్ హాల్ ముందు ఒక్క నిమిషం ఆగండి. ఒకప్పుడు లాంకషైర్, యార్క్‌షైర్ కౌంటీల సరిహద్దు ఆ భవనం మధ్యలోంచే పోయేది.

రైళ్ళను నమ్ముకుంటే కొంచెం టెన్షన్ తప్పదు. ఆదివారం మా బండి రద్దయింది. కారణం చెప్పే నాథుడు లేడు, తర్వాతి దానికోసం చలిలో కూర్చున్నాం. చివరి రైలు మీద ఆధారపడేలా ప్లాన్ వేసుకోకండి. చలికాలం వెళ్తే తడి మట్టి, బోర్డులు తప్ప పెద్దగా కనిపించదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మడులు నిండుగా ఉంటాయి, వాన మాత్రం ఏ నెలలోనైనా పడుతుంది. వలంటీర్లు పనిచేసే ఆదివారం కనుక్కుని వెళ్తే ఇంకా మంచిది, చేతికి పార ఇచ్చేస్తారు.