కొక్కెం అతికిన రూపాయి: కంసాలికా, నాణేల షాపుకా, గ్రేడింగ్ కంపెనీకా?

నాయనమ్మ పెట్టెలో రెండు వెండి రూపాయి బిళ్ళలు దొరికాయి. ఒకటి విక్టోరియా రాణిది. 1862 అని ఉంది, పైన గొలుసులో వేసుకోవడానికి టంకం పెట్టి అతికించిన కొక్కెం ఉంది. రెండోది చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి, హాలీ సిక్కా. దానికి అంచు దగ్గర బెజ్జం. అసలువేనా, ఎంత చేస్తాయి అని ఇంట్లో చర్చ మొదలైంది. బాబాయి కంసాలి దగ్గరికి పదమన్నాడు. తమ్ముడు నాణేల షాపు అన్నాడు. అమెరికాలో ఉన్న అక్క, నాణేల్ని పరీక్షించి మార్కు వేసే అక్కడి గ్రేడింగ్ కంపెనీకి ఇద్దామంది.

కంసాలి చెప్పగలిగేది వెండి సంగతి మాత్రమే. విక్టోరియా రూపాయిలో 91.7 శాతం వెండి ఉండాలి, హాలీ సిక్కాలో 81.8 శాతం. మెషిన్ మీద పెడితే ఆ అంకె నిమిషంలో వస్తుంది. కానీ ఆ మెషిన్ చూసేది పై పొరనే. టంకం పక్కన పెడితే టంకంలోని వేరే లోహాలు కూడా కలిసి తక్కువ చూపిస్తుంది, దాంతో మంచి నాణేన్ని కూడా అనుమానిస్తాం. గీటురాయి మీద గీస్తే ఇంకో గీత పడుతుంది, అప్పటికే ఉన్న దెబ్బలు చాలవన్నట్టు. పైగా అసలు వెండితో పోత పోసిన నకిలీ ఈ పరీక్షలో నిక్షేపంగా పాసవుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది: "కొక్కెం తీసేసి, మెరుగు పెట్టి ఇస్తానమ్మా." వద్దనండి. కొక్కెం పీకితే అంచు మీది గీతలు పోయి మచ్చ మిగులుతుంది, మెరుగు పెడితే బొమ్మ అరుగుతుంది. చింతపండు పెట్టి తోమడం కూడా ఇదే పాపం. ఆ నలుపు అలాగే ఉండనివ్వండి.

నిజానికి లోహం సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మామూలుగా ముందు బరువు చూడమంటారు: బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా తులం. హాలీ సిక్కా 11.18 గ్రాములు. దెబ్బతిన్న నాణెం దగ్గర ఈ లెక్క పనికిరాదు. కొక్కెం బరువు పెంచుతుంది, బెజ్జమూ అరుగుదలా తగ్గిస్తాయి. శబ్దం పరీక్షా అంతే. ఖణేల్‌మని మోగాలంటారు గానీ, కొక్కెం అతికినది అసలుదైనా సరిగా మోగదు. మోసం చేయనిది సాంద్రత. 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం చాలు. నీళ్ల గ్లాసు తూకం మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకి తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే కదిపి వదిలించండి. ఇప్పుడు కనిపించే అంకెతో, నీళ్లలో ముంచకముందు తూచిన నాణెం బరువుని భాగించండి. విక్టోరియా రూపాయికి సుమారు 10.3, హాలీ సిక్కాకి 10.2 దగ్గర రావాలి. జర్మన్ సిల్వర్ అయితే 9 కూడా దాటదు. మా బెజ్జం రూపాయి 10.94 గ్రాములు తూగింది, నీళ్లలో 1.08 చూపింది. భాగిస్తే 10.13. కొక్కెం ఉన్నది 12.31, 1.20, అంటే 10.26. ఈ తూకంతో 10.2కీ 10.3కీ తేడా పట్టుకోలేం, వెండికీ వెండి కానిదానికీ తేడా మాత్రం పట్టుకోగలం.

ఇక వెండితోనే చేసిన నకిలీని పట్టాలంటే కన్ను కావాలి. అది నాణేల వ్యాపారుల దగ్గర, పాత సేకర్తల దగ్గర ఉంటుంది. 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే కొట్టిన రూపాయి కానక్కర్లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు అదే సంవత్సరం వేస్తూ, వెనకవైపు చుక్కలతో తేడా చూపించారు. ఆ చుక్కలు లెక్కపెట్టి రకం చెప్పగలిగేది వీళ్లే. చుక్క టంకం కింద పడిపోతే మన దురదృష్టం. చార్మినార్ ద్వారంలో ఉర్దూ అక్షరం చూస్తారు: 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. మాది ఐన్. అంచు మీద పోత అతుకు గీత ఉందా, అక్షరాలు మొద్దుబారి ఉన్నాయా అన్నదీ వాళ్ల కన్ను వెంటనే పట్టేస్తుంది. చిక్కల్లా ఒకటే, చెప్పేవాడే కొనేవాడు. అందుకే అమ్మడానికి కాదని ముందే చెప్పి, కనీసం ఇద్దరికి చూపించడం మంచిది.

అక్క చెప్పినవి పీసీజీఎస్, ఎన్‌జీసీ. 1986, 1987ల్లో అమెరికాలో మొదలైన సంస్థలు. నాణేన్ని పరీక్షించి, 70 దాకా ఉండే మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. అసలుదా కాదా అన్నదానిలో వాళ్ల మాటకి విలువ ఎక్కువ. కానీ బెజ్జం పడినవాటికీ, కొక్కెం అతికినవాటికీ మామూలుగా ఆ మార్కు రాదు, 'డీటెయిల్స్' అని రాసి దెబ్బ పేరు కూడా చేరుస్తారు. అంటే ఖర్చు పెట్టి మరీ మన నాణెం లోపాన్ని లేబుల్ మీద అచ్చు వేయించుకున్నట్టు.

అంతకంటే ముందు చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. పోస్టులోనైనా, సూట్‌కేసులోనైనా ఇదే వర్తిస్తుంది. మా విక్టోరియా రూపాయి ఎప్పుడో ఆ గీత దాటింది. అక్క ఈ మాట విని కాసేపు అలిగింది.

కాబట్టి ఇలాంటి మామూలు రకాలకు నా ఓటు గ్లాసు నీళ్లకీ, ఆ తర్వాత నాణేల షాపుకీ. ఆరో జార్జి బొమ్మతో 1939 వెండి రూపాయి దొరికితే కథ వేరు. అది అరుదైనది, కాబట్టి దెబ్బతిన్నా లేబుల్ ఖర్చు దండగ కాదు. పైగా దానికి వందేళ్లు నిండేది 2039లో.